స్లాబు రిపేరు ముందా, సోలార్ ముందా? రెండూ ఒకే వేసవిలో ఎలా చేయించుకోవాలి

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతా. మా డాబాకి పూజగది మూల అప్పటికే కొంచెం చెమ్మ పట్టి ఉంది. ప్యానెళ్లు వస్తే ఆ నీడలో ఇంకేం కురుస్తుందిలే అనుకుని ముందు సోలార్ పెట్టించేశా. జూన్‌లో మొదటి పెద్ద వానకి చెమ్మ కాస్తా ధార అయింది, అదీ ఫ్యాన్ డబ్బాలోంచి. సోలార్ వాళ్లని పిలిస్తే "మీ స్లాబే పాతది సార్" అన్నారు, మేస్త్రీని పిలిస్తే "వీళ్లు బోల్టులు కొట్టాకే ఇలా అయింది" అన్నాడు. ఇద్దరి మాటా సగం నిజమే, అందుకే ఎవరినీ గట్టిగా అడగలేకపోయా. చివరికి ప్యానెళ్లు దింపించి, స్లాబు బాగు చేయించి, మళ్లీ ఎక్కించేసరికి మొదట్లోనే చేయించుంటే అయ్యే ఖర్చుకి రెట్టింపు అయింది.

దీని గురించి ఎవరిని అడిగినా "స్లాబు ముందు, సోలార్ తర్వాత" అంటారు. అదీ పూర్తిగా సరికాదు. మేస్త్రీ వాటర్‌ప్రూఫింగ్ అంతా చక్కగా చేసి వెళ్లిపోయాక సోలార్ కుర్రాళ్లు వచ్చి ఆ కొత్త కోటింగుకే డ్రిల్లు పెడితే ఏం లాభం? సరైన వరస ఏంటంటే సోలార్ వాళ్ల కొలతలు ముందు, మేస్త్రీ పని మధ్యలో, ప్యానెళ్లు చివర. అంటే సోలార్ వాళ్లు రెండుసార్లు రావాలి. దీనికి ఒప్పుకోని వెండర్‌తో అసలు పెట్టుకోకండి.

ముందు ఇల్లు చూసుకోండి

పైకి ఎక్కే ముందు కింద నుంచి సీలింగ్ చూడండి. చెమ్మ మరకలు, ఉబ్బిన పెయింటు, పెచ్చులు ఊడి తుప్పు పట్టిన ఊచ బయటపడ్డ చోట్లు, అన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. చిన్న సుత్తితో మెల్లగా తడితే గట్టి కాంక్రీటు కణ్ మంటుంది, లోపల వదులైన చోట బోలుగా మోగుతుంది. ఒకటి రెండు చోట్ల అయితే మేస్త్రీ చూసుకుంటాడు. గదంతా అలాగే ఉందంటే అది వాటర్‌ప్రూఫింగ్‌తో పోయేది కాదు, సోలార్ సంగతి పక్కన పెట్టి ముందు ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి.

ఆ తర్వాత డాబా మీదకి వెళ్లండి. మన ఇళ్ల మీద ఎవరూ పట్టించుకోని దొంగ ఒకడుంటాడు, పిల్లర్ ఊచలు. ఎప్పటికైనా పైన ఇంకో అంతస్తు వేస్తామని ఇరవై ఏళ్ల కింద వదిలేసిన ఊచలు తుప్పు పట్టి, వాటి చుట్టూ సన్నగా పగిలి, వాననీటిని నేరుగా పిల్లర్‌లోకి దింపుతుంటాయి. పైన నిజంగా కడతారా లేదా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ప్యానెళ్లకి పాతికేళ్లు వారంటీ ఇస్తున్నారు, మూడేళ్లలో ఇంకో అంతస్తు వేసేటట్టయితే అప్పుడు పీకి పెట్టడం పెద్ద తలనొప్పి. కట్టేది లేదంటే ఊచలకి తుప్పు గోకి, రంగు వేసి, కాంక్రీటుతో మూసేయండి.

బరువు గురించి అందరూ తెగ భయపడతారు, ఆ టెన్షన్ కొంచెం తగ్గించుకోవచ్చు. 540 వాట్ల ప్యానెల్ ఒకటి 27, 28 కిలోలు ఉంటుంది, 3 కిలోవాట్లకి ఆరు ప్యానెళ్లు. ప్యానెళ్లని నిలబెట్టే ఇనుప స్ట్రక్చర్‌తో కలిపినా చదరపు మీటరుకి 20 కిలోలు దాటడం అరుదు. డాబా మీద రెండంగుళాల నీళ్లు నిలిస్తే అదే చదరపు మీటరుకి 50 కిలోలు! అసలు భయపడాల్సింది గాలికి. కింద నుంచి దూరి ప్యానెల్‌ని గొడుగులా పైకి లేపేది గాలే. భవనాల కోడ్ ప్రకారం విశాఖకి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు, హైదరాబాద్‌కి 44 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన వాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

సంక్రాంతి వెళ్లగానే కాగితాలు

డాబా పనికి, కాగితాల పనికి సంబంధం లేదు కాబట్టి రెండూ పక్కపక్కనే నడిపించొచ్చు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 లేదా అంతకంటే ఎక్కువకి మొత్తం 78 వేలు సబ్సిడీ. ఆ పోర్టల్‌లోనే రిజిస్టర్ అయి, అక్కడి లిస్టులో ఉన్న వెండర్‌నే ఎంచుకోవాలి, ప్యానెళ్లు కూడా మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవే ఉండాలి, వీటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. 10 కిలోవాట్ల లోపు అయితే టెక్నికల్ ఫీజిబిలిటీ పరిశీలన, అంటే మీ లైను ఈ ప్లాంటుని తట్టుకుంటుందా అని కరెంటు వాళ్లు చూసే తనిఖీ, అక్కర్లేదని రూల్ మార్చారు కాబట్టి ఆ మెట్టు ఇప్పుడు సులువే. ఎక్కువమందికి బ్రేక్ పడేది ఇంకో చోట. కరెంటు బిల్లు ఇంకా ఎప్పుడో పోయిన నాన్నగారి పేరు మీదో, ఇల్లు అమ్మినాయన పేరు మీదో ఉంటుంది. ముందు ఆ పేరు మార్పించుకోండి. దానికి పట్టే రోజుల్లో మేస్త్రీ పని సగం అయిపోతుంది.

సబ్సిడీ ప్లాంటుకే, స్లాబు రిపేరుకి కాదు. ఇది తెలియక "అంతా కలిపి మేమే చేసేస్తాం సార్" అనే వాళ్ల మాట విని ఒకే బిల్లు తీసుకుంటే తర్వాత లెక్క తేలదు. రెండు పనులకి రెండు కొటేషన్లు, రెండు బిల్లులు తీసుకోండి.

వెండర్ సైట్ చూడటానికి వచ్చిన రోజే మేస్త్రీని కూడా పిలవండి. ఈ మొత్తం వ్యవహారంలో నేను ఒక్కటే గట్టిగా చెప్పాల్సి వస్తే ఇదే చెప్తా, ఇద్దరూ ఒక గంట ఒకే డాబా మీద నిలబడాలి. వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి గోడ నీడ, కొబ్బరిచెట్టు నీడ ఎక్కడిదాకా వస్తాయో చూసి, ప్యానెళ్లు దక్షిణానికి తిరిగేలా పెట్టి, స్ట్రక్చర్ కాళ్లు ఎక్కడ వస్తాయో సుద్దముక్కతో నేల మీద గీయించండి. కిలోవాట్‌కి దాదాపు వంద చదరపు అడుగులు అనుకోండి. కాళ్లు వీలైనంతవరకు బీముల మీదకి వచ్చేలా చూడమనండి, ఎందుకంటే బీముల మధ్యలో స్లాబు నాలుగున్నర, ఐదు అంగుళాలే ఉంటుంది, పైగా అందులోనే కరెంటు పైపులు పరిచి ఉంటాయి. మా ఇంట్లో ఒక బోల్టు సరిగ్గా ఆ పైపునే కొట్టింది. నీళ్లు పైపులో ప్రయాణం చేసి ఎక్కడో ఉన్న ఫ్యాన్ డబ్బాలో దిగాయి, అందుకే చిల్లు ఎక్కడుందో కనిపెట్టడానికి పదిహేను రోజులు పట్టింది.

ఎత్తు సంగతి కూడా ఆ రోజే తేల్చుకోవాలి. అడుగు, రెండడుగుల ఎత్తులో పెడితే చవక, గాలికీ మేలు, కానీ కింద దూరి రెండోసారి కోటింగ్ వేయడం ఎవరి వల్లా కాదు. ఏడెనిమిది అడుగుల ఎత్తున పెడితే ఇనుము ఖర్చు బాగా పెరుగుతుంది, కాళ్లు ఇంకా గట్టిగా పాతాలి, కానీ డాబా డాబాలాగే మిగులుతుంది. యాక్రిలిక్ కోటింగులు మూడు నుంచి ఐదేళ్లకి మళ్లీ అడుగుతాయి, ప్యానెళ్లేమో పాతికేళ్లు కదలవు. కాబట్టి ఎత్తు తక్కువైతే కింద ఎక్కువ కాలం మన్నే రకం వేయండి, ఎత్తు పెంచితే మామూలు రకంతో సరిపెట్టుకున్నా నడుస్తుంది. మా ఆవిడ మాత్రం వేరే లెక్క వేసింది, వడియాలకి ఎండ ఎక్కడ మిగులుతుంది అని. నిజంగానే తూర్పు వైపు పది అడుగులు దానికే వదిలాం.

ఫిబ్రవరి, మార్చి: మేస్త్రీ పని

ఈ నెలలే ఎందుకంటే వాన ఉండదు, మే నెల మాడే ఎండ కూడా ఉండదు. ఆ ఎండలో సిమెంటు కోటింగ్ గట్టిపడకముందే ఆరిపోయి పగుళ్లిస్తుంది. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకి అసలు వానలు అక్టోబరు తర్వాత కాబట్టి ఇంకొంచెం వెసులుబాటు ఉంటుంది, కానీ వేసవి గాలివానలు మనల్ని అడిగి రావు.

మొదట బోలుగా ఉన్న పాత గచ్చంతా కొట్టించేయాలి, పగుళ్లు తెరిచి నింపించాలి. తర్వాత సుద్దతో గీసిన చోట స్ట్రక్చర్ కాళ్లు నిలబడే కాంక్రీటు దిమ్మెలు, ఒక్కోటి అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఊరికే నేల మీద కాంక్రీటు పోసేస్తే అది బరువే తప్ప పట్టు కాదు. కింద స్లాబుని గరుకుగా చెక్కి, కెమికల్‌తో ఊచలు దిగవేసి, బేస్‌ప్లేటు (స్ట్రక్చర్ కాలు అడుగున ఉండే ఇనుప పలక) బోల్టులు కూడా అప్పుడే పెట్టి పోయాలి. బోల్టుల మధ్య దూరానికి సోలార్ వాళ్ల దగ్గర ఒక అచ్చు ఉంటుంది, ఆ రోజు దాన్ని తెప్పించుకోండి, లేకపోతే తర్వాత ప్లేటు చిల్లులు కలవక మళ్లీ డ్రిల్లు తీస్తారు. కనీసం ఏడు రోజులు తడపాలి.

ఆ తర్వాత వాటం. పది అడుగులకి ఒక అంగుళానికి పైగా వాలు ఉండాలి, నీళ్లు పోయే దారిలో దిమ్మె అడ్డం రాకూడదు. వాటం కుదిరాక పైన వాటర్‌ప్రూఫ్ కోటింగు. అది దిమ్మెల దగ్గర ఆగిపోకుండా వాటి మీదకి కూడా ఎక్కాలి, పిట్టగోడ మీద అడుగు ఎత్తు వరకు వెళ్లాలి, మూలల్లో ముందు సిమెంటుతో ఏటవాలు పట్టీ వేసి, దాని మీద జాలీ గుడ్డ పరిచి కోటు వేయాలి. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా.

పని అయిందని డబ్బు చేతిలో పెట్టేయకండి. కోటింగ్ బాగా ఆరాక గొట్టాలకి గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్లు నింపి 48 గంటలు వదిలేయండి. కింద ఫోటోలు తీసుకున్న చోట్లన్నీ మళ్లీ చూడండి. పొడిగా ఉంటేనే ఆఖరి విడత డబ్బు. ఆ రోజు వీడియో తీసి తేదీతో దాచుకోండి, రేపు ఎవరైనా "ముందే కురుస్తోంది కదా సార్" అంటే చూపించడానికి పనికొస్తుంది.

ఏప్రిల్: ప్యానెళ్లు ఎక్కే రోజు

వర్క్ ఆర్డర్‌లో రెండు వాక్యాలు రాయించండి. దిమ్మెల్లో ముందే పెట్టిన బోల్టులకే బిగించాలి తప్ప స్లాబుకి ఎక్కడా డ్రిల్లు పెట్టకూడదు, పనిలో కోటింగ్ దెబ్బతింటే వాళ్లే బాగు చేయించాలి. మాటగా చెప్తే వెండర్‌కి గుర్తుంటుంది, పని చేసే కుర్రాళ్లకి తెలియదు.

ఆ రోజు ఇంట్లో ఒకరు పైనే ఉండండి. ఇనుప గొట్టాలు ఈడ్చకుండా కింద పాత దుప్పట్లో, ప్లైవుడ్ ముక్కలో వేయించండి. కేబుల్ కిందికి దించడానికి స్లాబుకి కన్నం పెట్టనివ్వకండి, పిట్టగోడ మీదుగా గోడ వెంట దించాలి. గోడకి తప్పక కన్నం పెట్టాల్సి వస్తే బయటవైపు కిందికి వాలి ఉండాలి. ఎర్తింగ్ గుంతలు డీసీకి (ప్యానెళ్ల వైపు), ఏసీకి (ఇంటి కరెంటు వైపు), పిడుగు రాడ్డుకి వేరువేరుగా తీశారో లేదో చూడండి. కోతులు తిరిగే ఊరైతే కేబుళ్లన్నీ పైపుల్లోనే పోవాలి, వేలాడే వైరు కనిపిస్తే వాటికి ఉయ్యాలే.

ఇది అయ్యాక డిస్కమ్ (కరెంటు సరఫరా కంపెనీ) వాళ్ల తనిఖీ, ఇంటికి వచ్చే కరెంటూ, ఇంటి నుంచి బయటికి పోయే కరెంటూ లెక్కపెట్టే నెట్ మీటరు, ఆ తర్వాత బ్యాంకు ఖాతాలోకి సబ్సిడీ. ఇందులో మీరు చేయగలిగేది ఫాలో అప్ ఒక్కటే.

రేకుల ఇల్లయితే

పాత సిమెంటు రేకుల మీద సోలార్ ఆలోచన కూడా వద్దు. పెళుసుగా ఉంటాయి, మనిషి కాలు పెడితే కిందికి పోతాడు, కోస్తే వచ్చే ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. అవి తీసేసి ఇనుప రేకులు వేయించేటప్పుడే కింద ఇనుప దూలాల దూరం సోలార్ వాళ్ల కొలత ప్రకారం పెట్టించండి. ప్యానెళ్లని పట్టుకునే పట్టీలు రేకుకి కాదు, రేకు దాటి దూలానికి బిగియాలి. బోల్టు రేకు పల్లంలో కాకుండా మిట్ట మీద రావాలి, కింద రబ్బరు వాషర్ ఉండాలి. పల్లంలో పెట్టిన ప్రతి బోల్టూ నీళ్లలో మునిగే ఉంటుంది.

ప్యానెళ్లు ఇప్పటికే ఉండి, స్లాబు కురుస్తుంటే

నాలాంటి వాళ్ల కోసం ఇది. మేస్త్రీతో ప్యానెళ్లు విప్పించకండి. ఇన్వర్టర్ ఆపేసినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెళ్లలో కరెంటు పుడుతూనే ఉంటుంది, ఆరు ప్యానెళ్ల వరసలో అది దాదాపు 300 వోల్టులు. పెట్టిన వెండర్‌నే పిలిచి, దింపి మళ్లీ ఎక్కించడానికి ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. విప్పే ముందు వైరింగ్ ఫోటోలు, ప్రతి ప్యానెల్ వెనక సీరియల్ నంబరు ఫోటో తీయండి, ఎందుకంటే రికార్డుల్లో ఉన్నవి ఆ నంబర్లే. దింపినవి పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నీడలో ఉంచండి. ఆ ఖాళీలో పైన చెప్పిన దిమ్మెలు, వాటం, కోటింగ్, 48 గంటల నీళ్లు, అన్నీ అదే వరసలో చేయించండి. మాకు మొత్తం ఇరవై మూడు రోజులు పట్టింది, ఆ నెల కరెంటు బిల్లు పాత రోజుల్లోలాగే వచ్చింది.