ప్రభుత్వ, రక్షణ శాఖల క్లౌడ్: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేయాలి

ప్రభుత్వ డేటా క్లౌడ్‌కి వెళ్లాక వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒకటే. ఏ పని ఎవరిదో కాగితం మీద తేలకపోవడం. భవనం, కరెంటు, సర్వర్లు క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది. ఎవరికి ఏ అనుమతి ఇవ్వాలి, ఏ ఫైలు ఎవరికి కనబడాలి, లాగ్‌లు (ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో నమోదయ్యే రికార్డులు) ఎన్నాళ్లు ఉంచాలి అన్నవి మాత్రం శాఖ బాధ్యతే. మధ్యలో కాంట్రాక్టర్లు కూడా ఉంటారు కాబట్టి ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు తయారవుతుంది. కింది సమస్యల్లో ఏది ఎదురైనా ముందు ఈ బాధ్యతల గీత ఎక్కడుందో చూసుకోండి.

సమస్య: లోపలి ఫైళ్లు బయటివాళ్లకు కనిపిస్తున్నాయి

ఇది ఎక్కువగా బయటి పరిశోధకుడు పంపే మెయిల్‌తోనే తెలుస్తుంది. 2017లో అమెరికా సైన్యపు ఇంటెలిజెన్స్ విభాగం ఇన్‌స్కామ్‌కి చెందిన ఒక ఎస్3 బకెట్ (అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే చోటు), దాని అడ్రస్ తెలిసిన ఎవరికైనా తెరుచుకుంది. అందులోని ఒక వర్చువల్ డిస్కులో టాప్ సీక్రెట్ ముద్ర ఉన్న ఫైళ్లున్నాయి. 2023 ఫిబ్రవరిలో అదే దేశపు స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ మెయిళ్లున్న సర్వర్ ఒకటి పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌లో దొరికింది. అది ఉన్నది ప్రభుత్వానికే ప్రత్యేకించిన క్లౌడ్‌లో. కాబట్టి ప్రత్యేక క్లౌడ్ కొన్నాం, ఇక టెన్షన్ లేదు అనుకోవద్దు. తలుపు తీసిపెడితే ఏ క్లౌడైనా ఒకటే.

కారణం చాలాసార్లు చిన్నదే. ఎవరో టెస్టింగ్ కోసం అనుమతి తెరిచి, మళ్లీ మూయలేదు. దాన్ని చెక్ చేయాల్సిన మనిషి వేరే ఎవరూ లేరు.

పరిష్కారంలో వరుస ముఖ్యం. ముందు పబ్లిక్ యాక్సెస్ మూసేయండి. కంగారులో బకెట్‌నో సర్వర్‌నో డిలీట్ చేయకండి, సాక్ష్యం పోతుంది. యాక్సెస్ లాగ్‌లను వేరే అకౌంట్‌లోకి కాపీ చేయండి. తర్వాత ఆ ఫైళ్లలో పాస్‌వర్డ్‌లు, కీలు (సిస్టమ్‌లను తెరిచే రహస్య కోడ్‌లు) ఉన్నాయేమో వెతికి, దొరికిన ప్రతిదాన్నీ మార్చండి. ఈ ఆఖరి పని చాలామంది వదిలేస్తారు. ఇన్‌స్కామ్ డేటాలో ఒక కాంట్రాక్టర్‌కు చెందిన ప్రైవేట్ కీలు కూడా ఉన్నాయి. అలాంటివి మార్చకుండా బకెట్ ఒక్కటే మూస్తే పని సగమే అయినట్టు.

శాశ్వతంగా సరిచేయాలంటే, పబ్లిక్ యాక్సెస్ నిషేధాన్ని ఒక్కో బకెట్‌కు కాకుండా మొత్తం సంస్థ స్థాయిలో పెట్టండి. మినహాయింపు కావాలంటే రెండో అధికారి సంతకం, గడువు తేదీ తప్పనిసరి చేయండి. మీ ఐపీ అడ్రస్‌లన్నిటినీ (ఇంటర్నెట్‌లో మీ సర్వర్ల చిరునామాలు) బయటి నెట్‌వర్క్ నుంచి రోజూ స్కాన్ చేయించండి.

సమస్య: చొరబాటు జరిగింది, ఏం చూశారో చెప్పలేకపోతున్నాం

2023లో హ్యాకర్లు, దొంగిలించిన మైక్రోసాఫ్ట్ సైనింగ్ కీతో (లాగిన్ టోకెన్లు అసలువని ముద్ర వేసే కీ) దొంగ టోకెన్లు తయారు చేసి, అమెరికా విదేశాంగ శాఖతో సహా పలు సంస్థల మెయిళ్లు చదివారు. ఆ శాఖ ఎలా పసిగట్టింది? ఏ మెయిల్ ఎవరు తెరిచారో నమోదు చేసే లాగ్‌లు దాని దగ్గర ఉన్నాయి, వాటిమీద అలర్ట్ కూడా పెట్టుకుంది. అప్పట్లో ఆ లాగ్‌లు ఖరీదైన లైసెన్సుతోనే వచ్చేవి. అవి లేనివాళ్లకు కనుక్కునే దారే లేదు. భద్రతా లాగ్‌లను అదనపు ఖర్చుగా చూడటం తప్పని నా గట్టి అభిప్రాయం. టెండర్‌లోనే వాటిని తప్పనిసరిగా రాయాలి.

ఎన్నాళ్లు ఉంచాలి? అమెరికా ఫెడరల్ సంస్థలకు 2021 ఆదేశం ప్రకారం 12 నెలలు వెంటనే వెతకగలిగేలా, మరో 18 నెలలు భద్రపరిచి ఉంచాలి. భారత్‌లో సైబర్ ఘటనలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం 180 రోజులు ఉంచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి. లాగ్‌లు అడ్మిన్లు చెరపలేని వేరే అకౌంట్‌కి వెళ్లాలి.

పరీక్షించడం సులువే. ఒక టెస్ట్ మెయిల్‌బాక్స్‌లో మెయిల్ ఒకటి తెరిపించండి. గంట తర్వాత, దాన్ని ఎవరు, ఎక్కడినుంచి తెరిచారని మీ టీమ్‌ని అడగండి. జవాబు రాకపోతే లాగ్‌లు ఉన్నా లేనట్టే.

సమస్య: క్లౌడ్ వాడకానికి భద్రతా అనుమతి నెలల తరబడి రావడం లేదు

డేటాను వర్గీకరించకుండానే అన్నిటికీ అత్యున్నత స్థాయి అడగడం ఇక్కడ మామూలు కారణం. అమెరికాలో ప్రభుత్వం వాడే క్లౌడ్‌లకు భద్రతా అనుమతి ఇచ్చే ఫెడ్‌ర్యాంప్‌కి లో, మోడరేట్, హై అని మూడు స్థాయిలున్నాయి. రక్షణ శాఖకు ఐఎల్ (ఇంపాక్ట్ లెవెల్)-2, 4, 5, 6 అనే స్థాయిలు ఉన్నాయి. ప్రజలకు చూపే సమాచారం ఐఎల్-2లో సరిపోతుంది. సీక్రెట్ స్థాయి డేటాకే ఐఎల్-6. ముందు డేటాను విడగొట్టండి. తర్వాత, క్లౌడ్ కంపెనీ ఇప్పటికే నిరూపించిన భద్రతా నియంత్రణలను అలాగే స్వీకరించి, మిగిలినవాటికే పత్రాలు రాయండి.

సమస్య: ఎన్‌క్రిప్షన్ ఉంది, ఆడిట్ ఒప్పుకోవడం లేదు

డేటాకు తాళం వేసే కీ ఎవరి చేతిలో ఉందో, ఆ పని చేసే మాడ్యూల్‌కి (సాఫ్ట్‌వేర్ లేదా పరికరానికి) సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. ఈ మాడ్యూళ్లకు అమెరికా ప్రభుత్వ ప్రమాణమైన ఫిప్స్ 140-2 సర్టిఫికెట్లు 2026 సెప్టెంబర్ 21తో పాత జాబితాలోకి వెళ్తాయి, కొత్త కొనుగోళ్లలో 140-3 అడగాలి. సున్నితమైన డేటా కీలు శాఖ ఆధీనంలోని హార్డ్‌వేర్ మాడ్యూల్‌లో ఉండాలి.

సమస్య: బ్యాకప్ అక్కరకు రాలేదు

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. వందలాది ప్రభుత్వ సేవలు ఆగాయి. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో దాదాపు 858 టెరాబైట్లు పోయాయి. సైజు మరీ పెద్దదని దానికి బయట బ్యాకప్ పెట్టలేదు. ఏళ్ల తరబడి పని చేసుకున్న మనుషుల ఫైళ్లవి, తలచుకుంటేనే బాధ కలుగుతుంది. రెండో కాపీ వేరే ఊళ్లో, వేరే అకౌంట్‌లో, గడువుదాకా ఎవరూ చెరపలేని పద్ధతిలో ఉండాలి. దాన్నుంచి ఒక సిస్టమ్‌ను నిజంగా తిరిగి లేపి, ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి.

సమస్య: లింకు తెగితే క్షేత్రంలో యాప్ ఆగిపోతోంది

నౌకల్లో, మారుమూల శిబిరాల్లో ఇది వస్తుంది. లాగిన్ కూడా దూరంగా ఉన్న ప్రధాన సర్వర్‌కే వెళ్లడం కారణం. స్థానికంగా చిన్న సర్వర్ పెట్టి, కొద్దికాలం చెల్లే డిజిటల్ గుర్తింపు సర్టిఫికెట్లు ఇవ్వండి. లింకు రాగానే డేటా కలుస్తుంది, పరికరం శత్రువు చేతికి చిక్కినా గడువుతో పనికిరాకుండా పోతుంది. గడువు మరీ తక్కువ పెడితే సొంత జవాన్లే బయట ఉండిపోతారు. అందుకే ఆ దళానికి లింకు గరిష్ఠంగా ఎంతకాలం తెగుతుందో రికార్డుల్లో చూసి, దానికంటే కాస్త ఎక్కువ పెట్టండి.