డ్రిల్లు ఫైలులో తప్పిపోయిన సున్నా

చర్లపల్లి పారిశ్రామికవాడలో మా సర్క్యూట్ బోర్డు తయారయ్యే చోటు నుంచి ఫోను వచ్చింది. "బోర్డు వెడల్పు 4 అంగుళాలే కదండీ, రంధ్రం 15 అంగుళాల దూరంలో పడుతోంది" అన్నారు. గుండె జారిపోయింది.

ఇంటికి వెళ్లి, రంధ్రాలు ఎక్కడ పడాలో చెప్పే డ్రిల్లు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. ఒక వరుసలో ఎక్స్15000 అని ఉంది, దశాంశ బిందువు లేదు. బిందువుకు ముందు రెండు, తర్వాత నాలుగు అంకెలు ఉండాలి, ఇక్కడ ఒకటి తక్కువ. ముందున్న సున్నా వదిలేశారని తెలిస్తే అది 01.5000, అంటే ఒకటిన్నర అంగుళం. చివరి సున్నా వదిలేశారనుకుంటే 15.0000. ఏది వదిలేశారో చెప్పే వరుస ఫైలు మొదట్లో ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ మొదటి భాగాన్ని కుదించే ఎంపికకు నేనే టిక్కు పెట్టాను.

ఆ టిక్కు తీసేసి, మిల్లీమీటర్లలో, దశాంశ బిందువుతో మళ్లీ ఫైలు తీశాను. బోర్డు పొరల బొమ్మలుండే గెర్బర్ ఫైళ్లకూ డ్రిల్లుకూ మూలబిందువు ఒకటే ఉంచాను. గెర్బర్‌ను కనీసం ఆర్‌ఎస్-274ఎక్స్ రూపంలో ఇవ్వాలి. పాత 274డీలో అపర్చర్ (గీత గీసే ఆకారం) కొలతలు వేరే ఫైలులో ఉంటాయి, అది జారిపోతే ట్రాకు (రాగి గీత) వెడల్పు ఎవరికీ తెలియదు. వ్యూయర్‌లో పొరలన్నీ ఒకదానిపై ఒకటి పరిచి చూశాను. ప్రతి రంధ్రం దాని ప్యాడు (భాగాన్ని అతికించే రాగి చోటు) నడిమధ్యన కూర్చుంది. ఎంత హాయిగా అనిపించిందో!

ఓడీబీ ప్లస్ ప్లస్, ఐపీసీ-2581 ఫార్మాట్లలో డ్రిల్లు, పొరలు, నెట్‌లిస్టు (ఏది దేనితో కలవాలో చెప్పే జాబితా), భాగాల వివరాలు కలిసే ఉంటాయి. తయారీదారు తీసుకుంటానంటే అవే పంపండి. మావాళ్లు గెర్బరే అడిగారు, అందుకే ఐపీసీ-డీ-356 నెట్‌లిస్టు కూడా జతచేశాను. గెర్బర్‌లోని కనెక్షన్లను దానితో సరిచూసుకుంటారు.

బోర్డుపై భాగాలు బిగించేవాళ్లకు పంపిన పిక్ అండ్ ప్లేస్ ఫైలులో (ఏ భాగం ఎక్కడ, ఏ కోణంలో కూర్చోవాలో యంత్రానికి చెప్పేది) డయోడ్ల కోణాలను విడిగా పరిశీలించి, కాథోడ్ (డయోడు రుణ కొస) గుర్తులున్న డ్రాయింగును పీడీఎఫ్‌గా జోడించాను.