జపాన్‌లో వరి మడి కింద నీటి గొట్టాలు: దరఖాస్తు ఎలా పెడతారు?

మడి కింద పాతిన చిల్లుల గొట్టాలతోనే నీళ్లు పెట్టడం, ఎక్కువైతే వాటితోనే తీసేయడం. జపాన్‌లో ఈ పద్ధతికి ఫోయాస్ అని పేరు. గొట్టాలు దాదాపు 60 సెంటీమీటర్ల లోతున, సుమారు 10 మీటర్లకొకటి వస్తాయి. వాటికి అడ్డంగా తూటా ఆకారపు ఇనుప మొనను ట్రాక్టర్‌తో లాగి, దాదాపు మీటరుకొకటి చొప్పున మట్టిలో సన్నటి దారులు తీస్తారు. మడి చివర ఉండే నియంత్రణ గొట్టాన్ని ఎత్తినా దించినా నీటిమట్టం మారుతుంది. నేలకు 30 సెంటీమీటర్ల కింద నుంచి 20 సెంటీమీటర్ల పైదాకా ఎక్కడైనా నిలపొచ్చు. వరి తీసేసి అదే మడిలో సోయా, గోధుమ వేసేవాళ్లకు ఇది బాగా అక్కరకొస్తుంది.

సొంత డబ్బుతో అయితే ఎవరి మడిలో వాళ్లు వేయించుకోవచ్చు. ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ప్రభుత్వం చేపట్టే పనిగా కావాలంటే మాత్రం 1949 నాటి భూమి మెరుగుదల చట్టం ప్రకారం వెళ్లాలి. అక్కడ ఒక్కరి అర్జీ చెల్లదు, అర్హులు కనీసం 15 మంది కలవాలి. అర్హులంటే మామూలుగా భూమి సాగు చేస్తున్నవాళ్లు. కౌలుకిచ్చిన పొలమైతే కౌలుదారే లెక్కలోకి వస్తాడు. యజమాని ఆ స్థానంలో తానే ఉండాలనుకుంటే స్థానిక వ్యవసాయ కమిటీ ఒప్పుకోవాలి. మొదట తేల్చుకోవాల్సింది ఇదే, లేకపోతే తర్వాత సంతకాల దగ్గర పేచీ వస్తుంది.

కాగితాల కంటే ముందు పొలం చూసుకోండి. పక్కనున్న మురుగు కాలువ గొట్టాల కంటే లోతుగా లేకపోతే నీళ్లు బయటికి పోవు. అడుగున ఇసుక, గులకరాళ్లు ఉంటే పెట్టిన నీళ్లు నిలవవు. వరి సీజన్ అయిపోయాక కూడా కాలువలో నీళ్లు వస్తాయా అన్నది చాలామంది అడగని ప్రశ్న. రాకపోతే సోయాకు తడి ఎక్కడి నుంచి ఇస్తారు?

ఇక దరఖాస్తు. చాలా పొలాలు ఇప్పటికే ఏదో ఒక భూమి మెరుగుదల సంఘం (కాలువలు చూసుకునే రైతుల సంఘం) పరిధిలో ఉంటాయి కాబట్టి ముందు ఆ ఆఫీసుకే వెళ్లడం మేలు, మ్యాపులూ సభ్యుల జాబితా అక్కడే దొరుకుతాయి. ప్రాంతం హద్దులు, పని స్వరూపం, ఖర్చు అంచనాతో ప్రణాళిక స్థూలరూపం తయారుచేసి బహిరంగంగా ప్రకటించాలి. తర్వాత ఆ ప్రాంతంలోని అర్హుల్లో మూడింట రెండు వంతుల మంది సమ్మతి సేకరించాలి. అసలు కష్టం ఇక్కడే. ఒప్పుకోనివాళ్ల పొలం కూడా పనిలోకి వచ్చేస్తుంది, కాబట్టి ఖర్చులో రైతు వాటా ఎంత పడుతుందో మొదటి సమావేశంలోనే దాపరికం లేకుండా చెప్పేయాలి. సమ్మతులు జతచేసిన దరఖాస్తు ప్రిఫెక్చర్ అధిపతి అయిన గవర్నర్‌కు వెళ్తుంది.

గవర్నర్ పరిశీలించి సరేనంటే, ఖరారైన ప్రణాళికను 20 రోజులకు తగ్గకుండా అందరూ చూసేలా ఉంచుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఆ గడువు ముగిసిన మర్నాటి నుంచి 15 రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి.

2017లో చట్టాన్ని సవరించి ఇంకో దారి తెరిచారు. వ్యవసాయ భూముల బ్యాంకు (యజమానుల నుంచి పొలాలు కౌలుకు తీసుకుని సాగుదారులకు ఇచ్చే సంస్థ) కనీసం 15 ఏళ్లకు కౌలుకు తీసుకున్న భూముల్లో, మిగతా షరతులూ కుదిరితే, రైతుల దరఖాస్తు, సమ్మతి, వాటా డబ్బు ఏదీ లేకుండానే ప్రిఫెక్చర్ పని చేయించవచ్చు. మీ పొలం ఇప్పటికే బ్యాంకు చేతిలో ఉంటే సంతకాల కోసం తిరగక ముందే ఈ సంగతి కనుక్కోండి.