జీతం, బంగారం, పిల్లల ఫీజు: గృహహింస (డీవీసీ) కేసులో డబ్బు అడిగే పద్ధతి

ఒంటిమీద దెబ్బ కనిపిస్తేనే గృహహింస కేసు నిలుస్తుందని విజయవాడ, గుంటూరుల్లో ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. అది తప్పు. 2005 గృహహింస చట్టం మూడో సెక్షన్ ఆర్థిక హింసను పేరుపెట్టి చెప్పింది. ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, అద్దె ఎగ్గొట్టడం, స్త్రీధనం అమ్మేయడం దాని కిందికే వస్తాయి. మిర్చి యార్డులో తొడిమలు తీసి తెచ్చిన కూలి లాక్కున్నా అంతే.

కేసుకంటే ముందు బ్యాంకుకు వెళ్లండి. ఖాతా మీ పేరునే ఉన్నా కార్డు, ఫోన్ నంబరు భర్తవైతే ఓటీపీ ఆయనకే పోతుంది. కార్డు బ్లాక్ చేయించి నంబరు మార్పించండి. జీతానికి వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరవడం ఇంకా మేలు. ఆయనకు కోర్టు నోటీసు అందాక ఖాతాలు ఖాళీ అవుతాయి, బంగారం చేతులు మారుతుంది. కాబట్టి ఏడాది స్టేట్‌మెంటు, నగలు కనబడే పెళ్లి ఫొటోలు, కొన్న బిల్లులు, తాకట్టు రసీదు ఫొటో ముందే తీసుకోండి. ఆయనకు పే స్లిప్ లేకపోతే పనిచేసే షాపు చిరునామా, బండి నంబరు, పట్టాదారు పాస్‌బుక్ నకలు పనికొస్తాయి.

మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. వకీలు ఫీజుకు భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడగండి. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణాధికారి ద్వారా గానీ, నేరుగా మెజిస్ట్రేటు కోర్టులో గానీ 12వ సెక్షన్ కింద పిటిషన్ వేయొచ్చు. కాపురం హైదరాబాద్‌లో చేసినా, ఇప్పుడు తాడేపల్లిలో పుట్టింట్లో ఉంటే ఇక్కడి కోర్టులోనే వేయొచ్చు.

ఎక్కువ కేసులు దెబ్బతినేది పిటిషన్‌లోనే. "తగిన భృతి ఇప్పించండి" అని వదిలేయకండి. మీకు ఎంత, ఒక్కో బిడ్డకు ఎంత అనేది విడివిడిగా రాయించండి: స్కూలు ఫీజు, బస్సు, పాలు, మందులు, రసీదులతో సహా. మీ సంపాదన దాచొద్దు. 2020లో రజనీశ్–నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తి, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇవ్వాలంది. అక్కడ అబద్ధం బయటపడితే మిగతా మాటలూ నమ్మరు. భృతి పిటిషన్ వేసిన తేదీ నుంచే ఇవ్వాలనీ అదే తీర్పు చెప్పింది. ఆ తేదీ నుంచి కావాలని అడగండి.

60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అన్నా వాయిదాలు సాగుతాయి. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర భృతి (కేసు తేలేలోపు ఇచ్చేది) తొలిరోజే అడగాలి. ఇది మరిచిపోతే పిల్లల ఫీజుకు అప్పు మీరే చేయాల్సి వస్తుంది. పెద్దమనుషుల ముందు ఒప్పుకున్న నోటిమాట కోర్టులో నిలవడం కష్టం. రాజీ అయితే కాగితం మీద, కోర్టు ముందే.

ఆర్డరు వచ్చాక డబ్బు కట్టకపోతే ఆయనకు ఉద్యోగమిచ్చిన యజమానే జీతంలోంచి నేరుగా మీకు ఇచ్చేలా 20(6) సెక్షన్ కింద మెజిస్ట్రేటును అడగండి. బకాయి పేరుకోనివ్వకండి, ఏ నెలదైనా ఏడాది దాటకముందే వసూలు పిటిషన్ వేయండి.