గ్రిల్ మీద పిజ్జా, మాంసం: ఎక్కడ తేడా కొట్టింది?

చికెన్ మాడినా, లోపల పచ్చిగా ఉండిపోయినా, మటన్ నమల్లేకపోయినా మనవాళ్ళ మొదటి అనుమానం మసాలా మీదే. పెరుగు ఎక్కువైందనో, ఇంకో పూట నానబెట్టాల్సిందనో తీర్మానం చేసేస్తారు. పిజ్జా పాడైతే పిండిని తిడతారు. బొగ్గుల గ్రిల్ విషయంలో మాత్రం ఈ రెండింటినీ చివర్లో అనుమానించాలి. ముందు చూడాల్సింది బొగ్గులు ఎక్కడున్నాయి, గాలి ఎటు నుంచి ఎటు పోతోంది అనేదే.

ఇక్కడ రాస్తున్నది అమెరికా బ్యాక్‌యార్డుల్లో ఎక్కువగా కనిపించే 22 అంగుళాల గుండ్రటి మూత గ్రిల్ గురించి. 1952లో షికాగో ప్రాంతంలోని వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీళ్ళ మీద తేలే లోహపు బోయాని అడ్డంగా కోసి దీన్ని తయారుచేశాడు. దీని గొప్పంతా మూతలోనే ఉంది. మూత తీసేస్తే ఇది కుంపటి. మూత పెట్టి పైనా కిందా వెంట్లు (తెరిచి మూసే గాలి రంధ్రాలు) సరిచేస్తే ఓవెన్. పిజ్జాకి పైనుంచి వేడి కావాలి. మాంసానికి కింది నుంచి సెగ కావాలి, ఆ సెగ నుంచి తప్పుకోవడానికి కాస్త చోటు కూడా కావాలి. ఈ తేడా పట్టించుకోకుండా బొగ్గులు అడుగంతా సమానంగా పరిచేయడంతోనే సగం గొడవలు మొదలవుతాయి.

గ్రిల్ మూత మీద అంకెలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి కాబట్టి కిందా అవే ఇస్తున్నాను.

బొగ్గులు రాజుకోవు, రాజుకున్నా గంటలో చల్లారిపోతాయి

కింది వెంట్ మూసి ఉందేమో చూడండి. తెరిచే ఉందంటే పోయినసారి బూడిద దాన్ని పూడ్చేసి ఉంటుంది. నిప్పుకి గాలి కిందినుంచి అందాలి. విసనకర్రతో పైనుంచి ఎంత విసిరినా లేచేది బూడిదే. బూడిద దులిపి, పైవెంట్ కూడా పూర్తిగా తెరవండి. పొగ బయటికి పోయే దారి లేకపోతే కొత్త గాలి లోపలికి రాదు.

బస్తా గరాజ్‌లో మూతి తెరిచి పడుంటే బొగ్గు చెమ్మ పీల్చుకుంటుంది. అలాంటి బొగ్గు చిటపటలాడుతుంది, పొగ కక్కుతుంది, వేడి మాత్రం ఇవ్వదు. మూత ఉన్న డబ్బాలో పోసి పెట్టుకోండి.

గంట దాటే వంటకి ఒకసారి పోసిన బొగ్గులు చాలవు. మధ్యలో పచ్చి బొగ్గులు వేయకుండా, చిమ్నీలో (బొగ్గులు రాజేసే రేకు గొట్టంలో) విడిగా రాజేసి కలపండి.

తిండికి చేదు, కిరసనాయిలు వాసన

బొగ్గులు అంటించడానికి లైటర్ ఫ్లూయిడ్ వాడుతుంటే వెతకడం ఇక్కడే ఆపేయవచ్చు. అది పూర్తిగా కాలిపోకముందే మాంసం పెట్టేశారు. ఇరవై డాలర్లు అటూ ఇటుగా దొరికే చిమ్నీ స్టార్టర్ కొనండి. కింద న్యూస్‌పేపర్ ఉండ, పైన బొగ్గులు, 15 నుంచి 20 నిమిషాలు. పై వరస బొగ్గుల అంచులు కూడా బూడిద రంగుకి తిరిగాక కుమ్మరించండి.

ఫ్లూయిడ్ వాడకపోయినా చేదుగా ఉందంటే పొగ రంగు చూడండి. తెల్లగా, మందంగా, కళ్ళు మండించే పొగ వస్తోందంటే బొగ్గు ఇంకా సరిగ్గా రాజుకోలేదు, లేదా కొవ్వు మాడుతోంది. పల్చగా, కనీకనిపించనట్టు నీలంగా ఉన్న పొగే మంచిది. పొగ ఎంత ఎక్కువుంటే రుచి అంత బాగుంటుందని వంట చెరకు ముక్కలు గుప్పెళ్ళతో వేసేవాళ్ళున్నారు. రెండు ముక్కలు చాలు, పిజ్జాకైతే అవీ అక్కర్లేదు.

పిజ్జా కింద మాడింది, పైన చీజ్ కరగలేదు

అందరికీ ఎదురయ్యేది ఇదే. పిజ్జా కాల్చే రాయి (పిజ్జా స్టోన్) సరిగ్గా నిప్పుల మీద ఉంది. రాయి 700 డిగ్రీలు దాటిపోయింది, మూత కింద గాలి మాత్రం 400 దగ్గరే ఆగింది. మూత మీది థర్మామీటర్ చెప్పేది గాలి వేడి. రాయి సంగతి దానికి తెలీదు. పైగా రెండు నిమిషాలకోసారి మూత ఎత్తి చూస్తుంటే ఆ ఉన్న వేడి కాస్తా పోతుంది.

బొగ్గుల చోటు మార్చండి. చిమ్నీ నిండా రాజేసిన బొగ్గులు వెనకవైపు, పక్కలకి గుర్రపు నాడా ఆకారంలో పోయండి. మధ్యా ముందూ ఖాళీ. జాలీ మీద ఎండిన ఇటుకలు రెండు పెట్టి, రాయిని వాటి మీద ఆ ఖాళీ భాగంలో నిలపండి. రాయి ఎత్తు పెరిగితే మూత గుమ్మటానికి దగ్గరవుతుంది. అక్కడే వేడి గాలి చేరుతుంది. మూత తిప్పి పైవెంట్ రాయికి సరిగ్గా పైన ఉండేలా పెట్టండి. అప్పుడు వెనక నిప్పుల వేడి గాలి పిజ్జా మీదుగా పాకి బయటికి పోతుంది. వెంట్ నిప్పుల పైన ఉంటే ఆ వేడి పిజ్జాని తాకకుండానే పైకి వెళ్ళిపోతుంది.

రాయిని చల్లని గ్రిల్‌లోనే పెట్టి, దానితో పాటే కనీసం అరగంట వేడెక్కనివ్వండి. కణకణలాడే నిప్పుల్లో చల్లటి రాయి, లేదా కడిగి సరిగ్గా ఆరని రాయి పెడితే పగులుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే 550 నుంచి 600 మధ్య చూపిస్తే చాలు. లేకపోతే చిటికెడు మైదా రాయి మీద చల్లండి. చల్లీచల్లగానే నల్లబడితే రాయి మితిమీరింది, మూత తీసి కాసేపు ఆగండి. నెమ్మదిగా గోధుమ రంగుకి తిరిగితే పిజ్జా వేయండి. మూత మూసి మూడు నిమిషాల తర్వాత ఒక్కసారి తీసి, పిజ్జాని సగం చుట్టు తిప్పి మళ్ళీ మూసేయండి. వెనక నిప్పుల వైపు అంచు ముందు కాలుతుంది కాబట్టి తిప్పక తప్పదు.

ఇంత చేసినా అడుగు నల్లబడుతుంటే అప్పుడు పిండిని అనుమానించండి. ఇంటి ఓవెన్ కోసం రాసిన కొలతల్లో చక్కెర ఉంటుంది. ఈ వేడికి అది మాడుతుంది. గ్రిల్ పిండిలో చక్కెర, తేనె మానేయండి.

రాయే లేదనుకోండి, ఇంకో దారుంది. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ ఊళ్ళో అల్ ఫోర్నో అనే రెస్టారెంట్ 1980ల నుంచి గ్రిల్డ్ పిజ్జాకి పేరు. వాళ్ళు పిండిని నేరుగా చువ్వల మీదే కాలుస్తారు. ఇంట్లో చేసేటప్పుడు పిండికి రెండు వైపులా నూనె రాసి నిప్పుల మీద నిమిషమో రెండు నిమిషాలో ఉంచండి. బుడగలు లేచి అడుగు గట్టిపడగానే తిరగేసి, కాలిన వైపు సాస్, చీజ్ పల్చగా వేసి, నిప్పుల్లేని వైపుకి జరిపి మూత పెట్టండి. పిజ్జా గుండ్రంగా రాదు. రుచికి మాత్రం నా ఓటు దీనికే.

పిజ్జా పీల్ మీద నుంచి జారదు

పీల్ అంటే పిజ్జాని రాయి మీదికి జార్చే చెక్క పలక. సాస్ వేసి కబుర్లలో పడ్డారు. పిండి తడి పీల్చి చెక్కకి అతుక్కుంది. పీల్ మీద సన్నటి బొంబాయి రవ్వ చల్లి పిండి వేయండి. మైదా అయితే తడిసి బంకవుతుంది, రాయి మీద రాలి చేదెక్కుతుంది. సాస్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి పీల్‌ని ఊపి చూడండి. కదలని చోట అంచు ఎత్తి ఇంకాస్త రవ్వ వేయండి. బటర్ పేపర్ మీద పెట్టి జార్చాలని కొందరు చూస్తారు. ఆ పేపర్ సాధారణంగా 425, 450 డిగ్రీల దాకానే పనికొస్తుంది. ఈ గ్రిల్ వేడికి అంటుకుంటుంది.

పిండి సాగదీస్తే వెనక్కి ముడుచుకుపోతోంది

ఫ్రిజ్ నుంచి ఇప్పుడే తీశారు, లేదా ఉండ చేసిన వెంటనే ఒత్తుతున్నారు. మూత పెట్టి గంటసేపు బయట వదిలేయండి. దానంతటదే మెత్తబడుతుంది. అదే పనిగా చిరుగుతుంటే మైదా బదులు బ్రెడ్ ఫ్లోర్ వాడండి.

మధ్యలో తడితడిగా ఉంది

నీళ్ళలో ఉండే తాజా మోజరెల్లా అలాగే తుంపి వేశారు. ముందే తుంపి, కాగితం టవల్ మీద అరగంట పెట్టి పిండేయండి. ఉల్లి, క్యాప్సికం, పుట్టగొడుగులు గ్రిల్ మీదే ముందు కాల్చుకోండి. పిజ్జా మీద పచ్చి చికెన్ ఎప్పుడూ వేయొద్దు. పిజ్జా ఉండే ఆ కొద్ది నిమిషాల్లో అది ఉడకదు.

చికెన్ లెగ్ పీసులు పైన నలుపు, లోపల నెత్తురు

పెరుగు, కారం, గరంమసాలా దట్టంగా పట్టించిన ముక్కల్ని నేరుగా నిప్పుల మీద పెట్టారు. ఎముక దగ్గర 40 నిమిషాలు పట్టే వంట అది. పైనున్న కారం మాడడానికి 4 నిమిషాలు చాలు. కారం మాడిందని వేరే చెప్పక్కర్లేదు, పక్కింటివాళ్ళ దగ్గు వినిపిస్తుంది.

బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టండి. చికెన్ రెండో పక్కన, చర్మం పైకి ఉండేలా. పెట్టేముందు ముద్దగా వేలాడే మసాలాని వేళ్ళతో తుడిచేయండి. రుచి లోపలికి దిగే ఉంటుంది, పైన మిగిలింది మాడడానికి తప్ప దేనికీ పనికిరాదు. మూత పెట్టి, పైవెంట్ చికెన్ వైపుకి తిప్పి, లోపలి వేడి 350, 400 మధ్య ఉంచండి. అరగంటకి థర్మామీటర్ గుచ్చి చూడండి. ఎముకకి తగలనివ్వకుండా మందంగా ఉన్నచోట 165 వస్తే తినడానికి భద్రమే. లెగ్ పీసు మాత్రం 175, 180 దాకా వెళితేనే సాగకుండా ఎముక నుంచి ఊడొస్తుంది. చివర్లో నిప్పుల మీదికి జరిపి, వెన్న రాస్తూ నిమిషం చొప్పున అటూ ఇటూ తిప్పితే తందూరీ మచ్చలు వస్తాయి. తేనె, బార్బెక్యూ సాస్ లాంటి తీపి ఏదున్నా ఆ చివరి నిమిషాల్లోనే.

రంగుని నమ్మొద్దు. ఎముక మజ్జ వల్ల బాగా ఉడికిన చికెన్ కూడా ఎముక పక్కన ఎర్రగా కనిపిస్తుంది. కశ్మీరీ కారం వేశాక ఎరుపు చూసి తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు. థర్మామీటర్ ఒక్కటే సాక్షి. పచ్చి మాంసం తెచ్చిన పళ్ళెంలో వండింది తిరిగి పెట్టకండి. మిగిలిన పెరుగు మసాలాని మరగబెట్టకుండా పైన రాయకండి.

మంటలు లేచి మాంసానికి కమురు వాసన

కొవ్వు కారి నిప్పుల్లో పడుతోంది. నీళ్ళు చల్లకండి, బూడిద లేచి ముక్కలకి అంటుతుంది, నూనె చిందుతుంది. పట్టకారుతో ముక్కల్ని నిప్పుల్లేని వైపుకి జరిపి మూత పెట్టండి. గాలి తగ్గగానే మంట అణుగుతుంది. ఆ ఖాళీ వైపు ఉంచమనేది ఇందుకు కూడా.

మటన్ నమల్లేకపోతున్నాం

ఇక్కడ తప్పు తరచూ షాపులోనే జరుగుతుంది. కూరకి కొట్టించినట్టు ఎముకలతో ముక్కలు కొట్టించి గ్రిల్ మీద పెడితే ఎంతసేపు కాల్చినా అంతే. మెడ, భుజం ముక్కల్లో కండ మధ్య ఉండే గట్టి తంతులు తడిలో, నిదానంగా, గంటల తరబడి ఉడికితేనే కరుగుతాయి. కుక్కర్ అదే పనిని తొందరగా చేస్తుంది. నిప్పుల మీద పది నిమిషాల్లో ఆ మాంసం ఎండిపోతుంది తప్ప మెత్తబడదు.

హలాల్ షాపులో పక్కటెముకల చాంపులో, తొడ నుంచి తీసిన బోన్‌లెస్సో అడగండి. హైదరాబాద్ పత్థర్ కా గోష్త్‌లో కిటుకంతా ఇక్కడే ఉంది: బోన్‌లెస్ మటన్‌ని పల్చగా కొట్టి, పచ్చి బొప్పాయి పట్టించి, నిప్పుల మీద కాగిన గ్రానైట్ పలక మీద కాలుస్తారు. గ్రిల్ మీద కూడా పల్చని ముక్కలే మాట వింటాయి.

బొప్పాయి సంగతి జాగ్రత్త. అందులోని పపైన్ మాంసాన్ని కొరుక్కుతింటూనే ఉంటుంది. అరకిలోకి ఒక చెంచా గుజ్జు, పల్చని ముక్కలకి రెండు మూడు గంటలు చాలు. రాత్రంతా వదిలేస్తే పొద్దునకి పైపొర పిండైపోతుంది, చువ్వకి నిలవదు.

మొత్తం తొడ కాల్చాలంటే అది వేరే లెక్క. నిప్పుల్లేని వైపు పెట్టి, 300 దగ్గర కొన్ని గంటలు. లోపల 160 దాటాక థర్మామీటర్ ముల్లు కదలనట్టు అనిపిస్తుంది. మాంసం పైనుంచి తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తోంది, అంతే. కంగారుపడి బొగ్గులు కుమ్మరించకుండా ఫాయిల్‌లో గట్టిగా చుట్టేసి, 195, 200 వచ్చేదాకా వదిలేయండి.

సీక్ కబాబ్ జారి నిప్పుల్లో పడుతోంది

కీమాలో నీళ్ళున్నాయి. ఉల్లిపాయ రసం పిండేసి కలపండి, జిగురొచ్చేదాకా పిసికి, ఫ్రిజ్‌లో గంట పెట్టండి. గుండ్రటి చువ్వ మీద కబాబ్ తిరగదు, చువ్వ ఒక్కటే తిరుగుతుంది. పలకలా వెడల్పుగా ఉన్న చువ్వలు తెచ్చుకోండి. కీమా 160 వచ్చేదాకా ఉడకాలి.

రెండూ ఒకే సాయంత్రం చేస్తే రెండూ పాడవుతున్నాయి

వరస తిరగేసి ఉంటారు. అందరూ మాంసం ముందు పెడతారు. తీరా పిజ్జా వేళకి నిప్పు చచ్చిపోయి, జాలీ నిండా కొవ్వు ఉంటుంది. పిజ్జాకి కావాల్సింది నిప్పు మంచి జోరు మీదున్న మొదటి అరగంట. ముందు పిజ్జాలు కానివ్వండి, పిల్లల ఆకలీ తీరుతుంది. రాయి తీయకుండా పక్కకి జరిపి, వేడి 400కి దిగాక చికెన్ పెట్టండి. అప్పటిదాకా మాంసం ఫ్రిజ్‌లోనే ఉండాలి. బయట 2 గంటలకి మించి ఉంచొద్దు. టెక్సస్ జులై లాగా 90 దాటిన ఎండలో 1 గంటే.

మధ్యలో వాన

గ్రిల్‌ని గరాజ్‌లోకి లాగకండి, తలుపు ఎత్తి పెట్టినా సరే. పొగ లేని ఎర్రటి నిప్పులు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. చికెన్ సగంలో ఉంటే వెంటనే ఇంట్లో ఓవెన్‌ని 375కి పెట్టి అందులో పూర్తి చేయండి. అప్పటికే పొగ వాసన పట్టి ఉంటుంది కాబట్టి ఎవరూ కనిపెట్టరు. గ్రిల్ మూత, వెంట్లు అన్నీ మూసేస్తే బొగ్గులు ఆరిపోతాయి. మిగిలినవి బూడిద దులిపి వచ్చేసారి కొత్తవాటితో కలిపి చిమ్నీలో వేసుకోవచ్చు. బూడిదని మాత్రం రెండు రోజులు కదపకుండా వదిలేసి, ఆ తర్వాత ఇనప బకెట్‌లోకి ఎత్తండి. ప్లాస్టిక్ చెత్తడబ్బాలో వేడి బూడిద పోసి గోడలు కాల్చుకున్న ఇళ్ళున్నాయి.