పాత బీబీసీ మైక్రోకి ముగ్గురు కలిసి తెలుగు బ్రౌజర్ రాయడం ఎలా?

మాది ముగ్గురి జట్టు. నేను నల్గొండ, ఒకాయన మిర్యాలగూడ, ఇంకొకాయన మహబూబ్‌నగర్. అసలు యంత్రం ఉన్నది మిర్యాలగూడలో ఒక్కటే, మిగతా ఇద్దరం ఎమ్యులేటర్ (ఆ యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్) మీదే బతుకుతున్నాం. బీబీసీ మైక్రో అనేది 1981 నాటి బ్రిటిష్ కంప్యూటర్, ర్యామ్ 32 కేబీ, ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జ్. 1984లో మన బడుల్లో కంప్యూటర్ చదువు కోసం పెట్టిన క్లాస్ పథకంలో వాడింది కూడా ఇదే కాబట్టి మనకు పూర్తిగా పరాయిదేం కాదు.

ముందుగా ఆశ తగ్గించుకోండి. ఈ రోజుల్లో దాదాపు ఏ సైట్ తెరవాలన్నా హెచ్‌టీటీపీఎస్ (సమాచారానికి తాళం వేసి పంపే పద్ధతి) కావాలి, ఆ తాళాల లెక్కలు ఈ యంత్రంతో చేయించాలంటే తెల్లారుతుంది. అందుకని మధ్యలో ఒక ప్రాక్సీ, అంటే మైక్రో తరఫున నెట్‌తో మాట్లాడే ఇంకో కంప్యూటర్ పెట్టండి, పాత ల్యాప్‌టాప్ అయినా సరే, రాస్‌ప్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అయినా సరే. పేజీ తేవడం, విప్పడం, అక్షరాలు గీయడం అంతా దానిది. మైక్రో పని తెర మీద పెట్టడం, మీటలు వినడం, అంతే. ఇది మోసం అనేవాళ్లుంటారు, వాళ్లను రాయమనండి చూద్దాం.

రెండో పని, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: ఒక్క లైన్ కోడ్ రాయకముందే ప్రాక్సీకి, మైక్రోకి మధ్య ఏం నడుస్తుందో ఒక కాగితం మీద రాసుకోండి. మేము మొదట ఇది చేయక నెల రోజులు పోగొట్టుకున్నాం, ఎవరికి వాళ్లు ఊహించుకుని రాసి కలిపితే ఏదీ కలవలేదు. ఇప్పుడు మా ఒప్పందం ఒక్క పేజీ. ప్రతి ముక్క ముందు ఒక బైట్: 1 అంటే ఇంగ్లిష్ వాక్యం, 2 అంటే తెలుగు పట్టీ (బొమ్మగా గీసిన ఒక వరుస), 3 అంటే లింక్. లింక్ అడ్రస్ మైక్రోకి పంపం, పక్కన నంబర్ మాత్రమే వేస్తాం. మనం 7 కొడితే 7 వెళ్తుంది, ఆ ఏడు ఎక్కడికి పోతుందో ప్రాక్సీ గుర్తుపెట్టుకుంటుంది. పొడుగు పొడుగు అడ్రస్‌లకు జాగా వెతుక్కునే బాధ పోయింది.

ఒప్పందం కుదిరాక పని పంచుకోవడం తేలిక. మైక్రోను చేసిన ఏకార్న్ కంపెనీ నుంచే పుట్టిన రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 2002లో మొదలైన నెట్‌సర్ఫ్ బ్రౌజర్‌ను చూడండి, అదీ ఇష్టంతో చేసేవాళ్ల పనే. అందులో హెచ్‌టీఎంఎల్ (పేజీ రాసే భాష) చదవడానికి హబ్బబ్, పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌కి లిబ్‌సీఎస్ఎస్ అని విడివిడి లైబ్రరీలు ఉంటాయి, ఒకరు తమ ముక్క మార్చుకుంటే రెండోవారి పని ఆగదు.

ఇక తెలుగు. మైక్రో తెరకు కొన్ని రకాల అమరికలుంటాయి, వాటినే మోడ్‌లంటారు. మోడ్ 7 తెర 1 కేబీతో సరిపెట్టుకుంటుంది కానీ దాని అక్షరాలు చిప్‌లోనే అచ్చయి ఉంటాయి, మనవి కలపలేం. మోడ్ 4 తీసుకోండి: 320 అడ్డం, 256 నిలువు, 10 కేబీ. 8 చుక్కల ఎత్తులో ఒత్తులు పట్టవు, 24 చుక్కల పట్టీ ఒక వరుసకు సరిపోతుంది. ప్రాక్సీ ఆ వరుసను బొమ్మగా గీసి 960 బైట్లు పంపుతుంది. రెంటినీ కలిపే సీరియల్ తీగ 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల వేగం) మీద సెకనుకు దాదాపు అన్నే బైట్లు వస్తాయి కాబట్టి సెకనుకో వరుస, తెర నిండడానికి పది సెకన్లు. మోడ్ 4 మెమరీలో 8 బైట్లు ఒక గడి, తర్వాత పక్క గడి, ఇలా ఉంటుంది. ప్రాక్సీ అదే వరుసలో పంపితే మైక్రో లెక్కలేమీ వేయకుండా నేరుగా పోసుకుంటుంది.

ప్రాక్సీలో బొమ్మలు గీయడానికి పైథాన్‌లో పిల్లో లైబ్రరీ వాడేవాళ్లు, అక్షరాలను సరిగ్గా పేర్చే రాక్మ్ లైబ్రరీ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఒత్తులు కిందికి దిగకుండా పక్కపక్కనే నిలబడతాయి. పరీక్షకు మేము పెట్టుకున్న మాటలు మూడు: నల్గొండ, రాష్ట్రం, మహబూబ్‌నగర్. మూడోదే మా ప్రాణం తీసింది. అందులో బ్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంటుంది, పొట్టు తీసినట్టు దాన్ని మా కోడ్ తీసేయడంతో బ కింద న ఒత్తు పడి ఊరి పేరే మారిపోయింది. ఆ ఊరి మనిషి రెండ్రోజులు ఫోన్ ఎత్తలేదు. అనవసరం అనిపించిన అక్షరాలను తుడిచే ముందు ఆలోచించండి.

కోడ్ గిట్‌లో (ఎవరు ఏం మార్చారో నమోదు చేసే సాధనం) పెట్టేటప్పుడు ఒక చిక్కు. మైక్రోలోనే ఉండే భాష బీబీసీ బేసిక్ తన ప్రోగ్రామ్‌ను కుదించి సేవ్ చేస్తుంది, అలాగే పెడితే ఎవరు ఏం మార్చారో ఎవరికీ అర్థం కాదు. స్టార్ స్పూల్ (*SPOOL) కమాండ్ పెట్టి లిస్ట్ కొట్టి మామూలు టెక్స్ట్‌గా తీయండి, మళ్లీ ఎక్కించడానికి స్టార్ ఎగ్జెక్ (*EXEC). వేగం కావాల్సిన చోట బేసిక్‌లోనే అసెంబ్లర్ (నేరుగా ప్రాసెసర్ ఆదేశాలు రాసే సాధనం) ఉంది, వేరే సరంజామా అక్కర్లేదు.

ఎమ్యులేటర్‌లో నడిచాకే అసలు యంత్రం జోలికి వెళ్లండి. స్విచ్ వేయకముందే పవర్ సప్లైలో పాత ఫిల్టర్ కెపాసిటర్లు మార్పించండి. మేము బద్ధకించాం, కాసేపటికే ఇల్లంతా పొగ, వంటింట్లోంచి మా మిర్యాలగూడ ఆయన అమ్మగారు పరిగెత్తుకొచ్చారు. సీరియల్ ప్లగ్ తిరగేసి పెట్టినా దూరిపోతుంది, అందుకే పైవైపు రంగు పూయండి. రాస్‌ప్బెర్రీ పై పిన్నులకు నేరుగా తీగ కలపొద్దు, అవి 3.3 వోల్టులవి, మాడిపోతాయి. మధ్యలో యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ పెట్టండి.

వేగానికి మైక్రోలో స్టార్ ఎఫ్ఎక్స్ 7,7 (*FX 7,7), స్టార్ ఎఫ్ఎక్స్ 8,7 (*FX 8,7) కొట్టండి, 9600 అవుతుంది. మైక్రో సీరియల్ బఫర్ (వచ్చిన బైట్లు ఆగే జాగా) 256 బైట్లే. నిండబోతుంటే ఆగమని తీగ మీద సైగ చేస్తుంది, ప్రాక్సీ వైపు హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ పెట్టకపోతే ఆ సైగ ఎవరూ చూడరు, పట్టీలు సగంలో తెగి పక్కకు జరుగుతాయి. మీ తెర మీద అక్షరాలు మెట్ల మాదిరి వంకరగా కనిపిస్తే కోడ్ వెతక్కండి, ముందు ఇది చూడండి.

ఇంకో మాట, దీంట్లో బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టకండి. ప్రాక్సీ ఎవరింట్లో ఉంటే వాళ్లకు అన్నీ కనిపిస్తాయి.