నాలుగో సిట్టింగ్ తర్వాత పేషెంట్ ఎందుకు రాడు?

హన్మకొండలో రెండు బెడ్ల ఫిజియోథెరపీ క్లినిక్ నాది. మిషన్ చెడిపోతే మెకానిక్ వస్తాడు. పేషెంట్లు రావడం తగ్గితే ఎక్కడ చెడిందో మనమే వెతుక్కోవాలి. నాకు దొరికినవి ఇవి.

సమస్య: పది రోజులు రమ్మంటే ఐదో రోజు నుంచి మనిషి పత్తా ఉండడు.

కారణం: నొప్పి తగ్గక మానేశాడని అనుకుంటాం. చాలాసార్లు, మొదటిరోజు మనం చెప్పని మాటే అసలు కారణం. పట్టేసిన భుజాన్ని కదిలిస్తే ఆ రాత్రి నొప్పి కాస్త పెరగొచ్చు. ముందే చెప్తే "సార్ చెప్పిండు గదా" అని ఓర్చుకుంటారు. చెప్పకపోతే "పోయినంక ఇంకింత ఎక్కువైంది" అని వాడకట్టంతా చెప్తారు. ఫ్రోజెన్ షోల్డర్ వదలడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. షుగర్ ఉంటే మరీ మొండి. ఈ సంగతి దాచి పది సిట్టింగుల ప్యాకేజీ అంటగడితే పదకొండో రోజు మనకే మొహం చెల్లదు.

పరిష్కారం: మిషన్ దగ్గరికి పోకముందే పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడాలి. "నొప్పి పదికి ఎంత?" అంటే మా దగ్గర అందరూ పదికి పదే అంటారు. ఏ పని ఆగిపోయిందో అడగండి. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక అక్క "బతుకమ్మను నెత్తిన పెట్టుకొని చెరువుకాడికి పోవాలె, గంతే" అంది. ఆమెను గోడకు ఎదురుగా నిలబెట్టి, వేళ్లను పైకి పాకించమని, చెయ్యి ఆగినచోట పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాశాను. వారం తర్వాత రెండో గీత మూడు వేళ్ల పైన పడింది. "నొప్పి అట్లనే ఉంది సార్" అంటూనే ఆ రెండు గీతల మధ్య వేళ్లు ఆనించి కొలుచుకుంది. ఇప్పుడా గోడ నిండా గీతలే. రంగు వేయించాలంటే మనసొప్పట్లేదు.

సమస్య: పదింటికి రమ్మని పన్నెండింటి దాకా కూర్చోబెడుతున్నారని గొణుగుడు.

కారణం: మన లెక్క తప్పు. నొప్పి తగ్గడానికి మిషన్‌తో సన్నటి కరెంటు పెట్టడం, వ్యాయామం, బెడ్ ఎక్కడం దిగడం కలిపి మనిషికి నలభై నిమిషాలు. రెండు బెడ్లకు గంటకు ముగ్గురే అవుతారు. మనం ఐదుగురిని పిలుస్తాం. పైగా 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. నర్సంపేట, ములుగు వైపు నుంచి తోడు లేకుండా వచ్చే పెద్దమ్మలు మా దగ్గర ఎక్కువయ్యారు. వాళ్లకు బస్సే గడియారం.

పరిష్కారం: టౌన్ వాళ్లను పొద్దున ఏడింటి నుంచి, ఊళ్ల వాళ్లను పదకొండు తర్వాత పిలవండి. పేరు రాసేటప్పుడే "వాపస్ ఏ బస్సుకు పోతరు?" అని అడగండి. ఆలస్యమైతే దాచొద్దు: "ఇంకో ఇరవై నిమిషాలు పడ్తది పెద్దమ్మా, ఛాయ్ తాగి రా." నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు రోజూ రమ్మంటే ఎవరూ రారు. వారానికి రెండు రోజులు పిలిచి మిగతాది ఇంట్లో చేసుకునేలా నేర్పండి.

సమస్య: "కరెంటు పెట్టి పోయిండు, చెయ్యే వెయ్యలే."

కారణం: నిజమే. ప్యాడ్లు అంటించి ఫోన్లో పడతాం.

పరిష్కారం: గుండెకు పేస్‌మేకర్ ఉందేమో అడగనిదే ఐఎఫ్‌టీ (కరెంటు పెట్టే మిషన్) ప్యాడ్ ముట్టుకోవద్దు. పెట్టాక "చీమలు పాకినట్టున్నదా, మండుతున్నదా?" అని అడగండి. షుగర్‌తో కాళ్లు మొద్దుబారిన వాళ్లకు వేడి తెలియదు, బొబ్బ లేచాక గానీ బయటపడదు. వేడి కాపడానికి ముందు చర్మానికి స్పర్శ ఉందో లేదో చూడాల్సిందే. చేతికి బెల్ ఇవ్వండి. ఆడవాళ్లకు పరదా, ముట్టుకునే ముందు ఒక మాట, వీలైతే ఆడ థెరపిస్టు.

సమస్య: ఇంటి దగ్గర వ్యాయామం చెయ్యరు.

కారణం: ఇంగ్లిషులో ఎనిమిది బొమ్మలున్న కాగితం చేతిలో పెట్టి పంపాం. అది పరుపు కింద ఉంటుంది.

పరిష్కారం: రెండే చెప్పండి. మోకాళ్ల నొప్పికైతే కాలు చాపి, మోకాలి కింద మడిచిన తువ్వాల పెట్టి, ఐదు లెక్కపెట్టే దాకా కిందికి నొక్కిపట్టడం, పదిసార్లు. మనవడి ఫోన్లోనే వీడియో తీసివ్వండి. మళ్లీ వచ్చినప్పుడు "చేసిన్రా?" అని అడిగితే చేశామనే అంటారు. తువ్వాల ఇచ్చి చేసి చూపించమనండి. దాన్ని ఎక్కడ పెడుతున్నారో చూస్తే తెలిసిపోతుంది.